గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్: అలీబైకి ఎంతవరకు పనికొస్తుంది?

పోయిన నెల ఏ హోటల్లో దిగామో, ఏ రోజు ఎక్కడెక్కడ తిరిగామో గుర్తు చేసుకోవడానికి టైమ్‌లైన్ మంచి ఫీచరే. లైంగిక దాడి కేసులో ‘ఆ వేళ నేను అక్కడ లేను’ అని (అదే అలీబై) చూపడానికి దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే మాత్రం 5కి 2 మార్కులు.

వేరేచోట ఉన్నానన్నవాడే ఆ సంగతి రుజువు చేయాలని భారతీయ సాక్ష్య అధినియం 106వ సెక్షన్ ఉదాహరణలోనే ఉంది. అదీ ఘటనాస్థలంలో ఉండే వీలే లేదన్నంత గట్టిగా ఉండాలని బినయ్ కుమార్ సింగ్ కేసులో (1997) సుప్రీంకోర్టు చెప్పింది. బాధితురాలి సాక్ష్యం నమ్మదగ్గదైతే దానికి వేరే ఊతం అడగక్కర్లేదన్నది గుర్మీత్ సింగ్ తీర్పు (1996). క్రాస్ ఎగ్జామినేషన్‌లో చెక్కుచెదరని ఆమె మాట ముందు ఫోన్ గీసిన నీలిగీత ఎంతసేపు నిలుస్తుంది?

ఏదైనా ఒక రోజు తెరవండి. ‘ఇల్లు, 8.10 – 10.45’ అని కనిపిస్తుంది. దాన్ని నొక్కితే చోటు, సమయం రెండూ మార్చుకోవచ్చు! ఎదుటి లాయరు మొదట పట్టుకునేది ఇదే. రెండు చోట్ల మధ్య ప్రయాణం కొంత అంచనాయేనని గూగులే చెబుతుంది. పైగా ఫోన్‌ను చార్జింగ్‌లో వదిలి బయటికెళ్లినా టైమ్‌లైన్ లెక్కలో మనిషి ఇంట్లోనే ఉంటాడు.

దూరం ఇంకో చిక్కు. సాక్ష్య అధినియం 9వ సెక్షన్ ఉదాహరణలో నేరం చెన్నైలో, మనిషి లడఖ్‌లో. ఘటనాస్థలం 4 కిలోమీటర్లలోనే ఉండి, మధ్యలో 40 నిమిషాలకు లెక్క లేకపోతే అలీబై అక్కడే వీగుతుంది. ‘తొమ్మిది ప్రాంతంలో’ అన్న బాధితురాలి మాటను కోర్టు గడియారం పెట్టి కొలవదు కాబట్టి 8.50 నుంచి 9.10 వరకు చూపితే చాలదు, ఆ పూటంతా చూపాలి. అయితే అలీబై వీగినంత మాత్రాన నేరం రుజువైపోదు. తన కేసు నిరూపించుకునే భారం ప్రాసిక్యూషన్‌దే.

డేటా ఇప్పుడు ఫోన్‌లోనే ఉంటుంది, వెబ్‌లో చూసే వీలు తీసేశారు. కొత్తగా ఆన్ చేస్తే 3 నెలలకు ఆటో డిలీట్ అయ్యేలా సెట్ అయి ఉంటుంది, ముందు దాన్ని ఆపాలి. తర్వాత ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో లొకేషన్, లొకేషన్ సర్వీసెస్, టైమ్‌లైన్ వరుసగా తెరిచి ఎక్స్‌పోర్ట్ చేయాలి. వచ్చే జేసన్ ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా హ్యాష్ విలువ (ఫైల్‌కు వేలిముద్రలాంటి కోడ్) మారిపోతుంది, అందుకే దాన్ని ముట్టుకోకుండా కాపీ మీదే పని చేయాలి. కోర్టులో వేసేటప్పుడు సాక్ష్య అధినియం 63(4) సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డు సర్టిఫికెట్ జతచేయాలి: పార్ట్ ఏ దాఖలు చేసేవారిది, పార్ట్ బీ నిపుణుడిది. అది లేని స్క్రీన్‌షాట్ ప్రింట్లు ఉత్త కాగితాలే.

ముఖం కనిపించే సీసీటీవీ ఫుటేజీ దీనికంటే ఎన్నో రెట్లు బలమైనది. కానీ పాతదానిమీద కొత్తది రికార్డవుతూ పోతుంది, కాబట్టి వెంటనే అడగాలి. కాల్ రికార్డులను టెలికాం కంపెనీలు 2 ఏళ్లు ఉంచాలి. వాటిని బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) 94వ సెక్షన్ కింద కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు. అవీ టవర్ పరిధినే చెబుతాయి తప్ప గదిని కాదు. ఇవన్నీ వదిలేసి, ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగిశాక అదే చట్టం 351వ సెక్షన్ కింద నిందితుడు కోర్టుకిచ్చే వాంగ్మూలంలో మొదటిసారి అలీబై ఎత్తితే ఎవరికైనా అనుమానమే.

ఆ 2 మార్కులైనా ఎందుకంటే, ఏ టోల్ గేటు కెమెరా అడగాలో, ఆ పూట పక్కనున్న ఎవరిని సాక్షిగా పిలవాలో టైమ్‌లైన్ తోవ చూపిస్తుంది.