లండన్ నుంచి ఒక పూట సముద్రం: బ్రైటన్ మేలా, సౌతెండ్ మేలా?

జూన్ నెలలో శనివారం 25 డిగ్రీలు అని ఫోన్ చూపిస్తే చాలు, లండన్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: "బీచ్‌కి పోదామా?" వెంటనే వచ్చే జవాబు బ్రైటన్. పేరు పడ్డ ఊరు కదా. తూర్పు లండన్‌లో ఈస్ట్‌హామ్, బార్కింగ్ వైపు ఉండేవాళ్లు కూడా నగరమంతా దాటుకుని విక్టోరియా స్టేషన్‌కి వెళ్లి, నిలబడటానికి చోటు లేని రైలెక్కి బ్రైటన్ పోతారు. బార్కింగ్‌లో రైలెక్కితే ముప్పావు గంటలో సౌతెండ్ వస్తుందన్న సంగతి ఎవరికీ గుర్తుకు రాదు.

నా ఓటు ముందే చెప్పేస్తాను. చూడ్డానికి బ్రైటన్, కూర్చోడానికి సౌతెండ్. ఇంగ్లండ్ సముద్రపు ఊళ్లలో సరదా ఎక్కువగా కూర్చోవడంలోనే ఉందని నా నమ్మకం, కాబట్టి మొగ్గు సౌతెండ్ వైపే. అయితే కొన్ని విషయాల్లో బ్రైటన్‌ని కాదనలేం, అవీ చెప్తాను.

ముందు సముద్రం సంగతి. విశాఖలోనో కాకినాడలోనో పెరిగినవాళ్లకు రెండూ కాస్త నిరాశే. బ్రైటన్ ఒడ్డంతా గులకరాళ్లు. చెప్పులు విప్పి నాలుగడుగులు వేశామంటే ఐదో అడుగుకి మళ్లీ చెప్పులు వెతుక్కుంటాం. ఇసుక గూళ్లు కడదామని పిల్లలు తెచ్చుకున్న బకెట్లు, పారలు సంచి దాటి బయటికి రావు. బాగా ఆటు మీద, అంటే నీళ్లు వెనక్కి తగ్గి ఉన్నప్పుడు మాత్రం రాళ్లకు అవతల కాస్త ఇసుక బయటపడుతుంది. కానీ నీళ్లు ఎప్పుడూ ఉంటాయి, అవతలి ఒడ్డు కనపడదు, సముద్రం దగ్గరికి వచ్చామన్న తృప్తి ఉంటుంది. అల వెనక్కి తగ్గేటప్పుడు రాళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లుతూ చేసే గలగల మన ఇసుక తీరాల్లో వినపడేది కాదు. అది వింటూ గంటసేపు కూర్చోవచ్చు, కింద ఏదైనా మెత్తటిది వేసుకుంటే.

సౌతెండ్‌లో ఇసుక ఉంది, నీళ్లకే గ్యారంటీ లేదు. థేమ్స్ నది సముద్రంలో కలిసే చోటు అది. ఎదురుగా కెంట్ తీరం కనిపిస్తుంది, మధ్యలో కంటైనర్ ఓడలు నింపాదిగా పోతుంటాయి. ఆటు సమయంలో నీళ్లు దాదాపు మైలు దూరం వెనక్కి పోతాయి. ఇక మిగిలేది బురద, ఒక పక్కకి ఒరిగిపోయిన పడవలు, బురదలో పురుగులు ఏరుకునే పక్షులు. కాకినాడ నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ అది చూసి, "ఇదేం సముద్రంరా, నీళ్లు ఎవరు తోడుకుపోయారు?" అంది. "ఆరు గంటలు ఆగితే వాళ్లే తెచ్చి పోస్తారు అత్తయ్యా" అంది కోడలు. నిజంగా అంతే. అందుకే సౌతెండ్ వెళ్లేముందు వాతావరణం కన్నా ముందు చూడాల్సింది ఆటుపోట్ల వేళలు. నీళ్లు ఒడ్డుకి ఎక్కే పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ప్రతిరోజూ ముందు రోజుకంటే ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా. పోటు పూర్తవడానికి రెండు గంటల ముందు చేరితే నీళ్లు మెల్లగా మీ కాళ్ల దగ్గరికే వస్తాయి. ఆటప్పుడు బురదలో సరదాగా దూరం నడిచిపోవద్దు, నీళ్లు తిరిగి వచ్చేటప్పుడు అనుకున్నదానికంటే తొందరగా వస్తాయి.

స్నానాల గురించి ఎక్కువ చెప్పను. ఎండాకాలం చివర్లో కూడా ఇంగ్లిష్ ఛానెల్ నీళ్లు 17, 18 డిగ్రీలు దాటడం కష్టం. ఇక్కడివాళ్లు నవ్వుతూ దిగుతారు, మనం మోకాళ్ల దాకా దిగి ఫోటో తీసుకుని వచ్చేస్తాం.

రెండు ఊళ్లకూ పియర్ ఉంది. సముద్రంలోకి కట్టిన ఈ పొడవాటి వంతెన దగ్గరే రెండింటి స్వభావాలు బాగా తెలిసిపోతాయి. బ్రైటన్ ప్యాలెస్ పియర్ 1899లో తెరిచారు. దాని మీద ఉన్నది ఒక తిరునాళ్లు. జెయింట్ రైడ్లు, మ్యూజిక్, డోనట్ల వాసన, గేమ్ మెషిన్ల చప్పుడు. పక్కనే కొంచెం దూరంలో 1866 నాటి వెస్ట్ పియర్ ఉంది, అంటే దాని అస్థిపంజరం. 1975లో మూసేశారు, 2003లో రెండుసార్లు తగలబడింది. ఇప్పుడు నీళ్లలో ఇనప చట్రం ఒక్కటే మిగిలింది. చిత్రమేమిటంటే, బ్రైటన్‌లో ఎక్కువమంది ఫోటోలు తీసేది ఆ చట్రాన్నే.

సౌతెండ్ పియర్ పొడవు 2.14 కిలోమీటర్లు. ప్రపంచంలో సరదా కోసం వాడే పియర్లలో ఇదే పొడవైనది. గొప్ప కోసం అంత పొడవు కట్టలేదు. నీళ్లు మైలు దూరం పోతే పడవలు ఎక్కడ ఆగాలి? 1830లో మొదట కట్టిన చెక్క పియర్ చాలక, పొడిగించి, పొడిగించి, 1889లో ఇనుముతో కొత్తది కట్టి, దాన్నీ పొడిగించారు. చివరికి దాని మీద చిన్న రైలు కూడా పెట్టాల్సి వచ్చింది. ఆ పియర్‌కి పట్టిన గ్రహచారం కూడా తక్కువేం కాదు. 1976లో అగ్నిప్రమాదం, 1986లో ఒక ఓడ వచ్చి అడ్డంగా కోసేసుకుంటూ పోయింది, 2005లో మళ్లీ మంటలు. ప్రతిసారీ బాగుచేశారు. బ్రైటన్ వాళ్లు పాడైన పియర్‌ని చూసి మురిసిపోతే, వీళ్లు మళ్లీ మళ్లీ అతుకు వేసుకుంటూ వాడుకుంటున్నారు. నాకు రెండోదే నచ్చుతుంది.

వెళ్లేటప్పుడు నడవండి, వచ్చేటప్పుడు రైలెక్కండి. అరగంట నడక. కాళ్ల కింద పలకల సందుల్లోంచి మొదట ఇసుక, తర్వాత బురద, తర్వాత నీళ్లు కనిపిస్తాయి. సగం దూరం పోయేసరికి ఒడ్డు మీది పాటలు వినపడవు, గాలి చెవుల్లో హోరుమంటుంది. చివర కెఫే, లైఫ్‌బోట్ స్టేషన్, గాలాలు వేసుకుని కదలకుండా కూర్చున్న మనుషులు. పట్టిందేమిటని అడిగితే సాధారణంగా ఏమీ ఉండదు. టీ ఫ్లాస్కు మాత్రం ఉంటుంది.

తిండి విషయంలో శాకాహారులకు బ్రైటన్ మేలు, అనుమానం లేదు. వీగన్ తిండికి పేరున్న ఊరు, నార్త్ లేన్ సందుల్లో ఏదో ఒకటి దొరుకుతుంది. రెండు ఊళ్లలోనూ చిప్స్ ఎందులో వేయించారో అడగండి, కొన్ని షాపుల్లో పశువుల కొవ్వు వాడతారు. మాంసాహారులైతే సౌతెండ్ రైలు లైన్లోనే కొంచెం ముందు వచ్చే లీ-ఆన్-సీలో దిగాలి. పాత లీ వీధిలో రేవు పక్కన కాకిల్ షెడ్లున్నాయి. కాకిల్స్ అంటే వేలి గోరంత గుల్లలు. ఉడికించి, పెంకు తీసి, చిన్న కప్పులో పోసి ఇస్తారు. పైన వెనిగర్, తెల్ల మిరియాల పొడి మనమే చల్లుకోవాలి. చల్లగా, పుల్లగా, నమలడానికి కాస్త సాగుతూ, అప్పుడప్పుడు పంటి కింద ఒక ఇసుక రేణువు. ఇగురుకి అలవాటుపడ్డ నోటికి మొదటి కప్పు ఎక్కదు. రెండో కప్పుకి కారప్పొడి సంచిలో పెట్టుకెళ్లండి, ఎవరూ ఏమీ అనరు. అక్కడి నుంచి పియర్ దాకా ఒడ్డు వెంబడే ఇంచుమించు మూడు మైళ్ల నడక, చాక్‌వెల్, వెస్ట్‌క్లిఫ్ మీదుగా, పక్కనే రైలు పట్టాలు. అలసిపోతే మధ్యలో ఏ స్టేషన్‌లోనైనా రైలెక్కేయొచ్చు. దారిలో 1932 నుంచి ఈ ఊరివాళ్లు తింటున్న రోసీ ఐస్‌క్రీమ్.

చిప్స్ పొట్లం ఎక్కడ విప్పినా గోడకి వీపు ఆనించి విప్పండి. పొట్లం లాక్కుపోయే సముద్రపు పక్షి సీగల్ వెనక నుంచే వస్తుంది. ఈ ఒక్క విషయంలో రెండు ఊళ్లూ సమానం.

రెండు చోట్లా దొరికే ఇంకో వస్తువు రాక్, గులాబీ రంగు పుదీనా మిఠాయి కడ్డీ. ఎక్కడ కొరికినా లోపల ఊరి పేరు కనిపిస్తుంది. పాకం వేడిగా ఉండగానే ఎర్ర పాకం పట్టీలతో ఒక్కో అక్షరం పేర్చి, మధ్యలో తెల్ల పాకం నింపి, పైన గులాబీ రంగు పొర చుట్టి, ఆ లావుపాటి దిమ్మెను మన జీళ్లపాకం లాగినట్టు వేలంత సన్నం అయ్యేదాకా లాగుతారు. పళ్లు గట్టిగా ఉన్నవాళ్లే కొనుక్కోవాలి.

ఇక బ్రైటన్‌కి తిరుగులేని చోటు ఒకటుంది. రాయల్ పెవిలియన్. రాజు నాలుగో జార్జి కోసం వాస్తుశిల్పి జాన్ నాష్ 1815, 1822 మధ్య ఈ రూపం ఇచ్చిన భవనం. బయట మొగలాయీ గుమ్మటాలు, లోపల చైనా డ్రాగన్లు. ఆడంబరం కొంచెం ఎక్కువే. కానీ మనం చూడాల్సింది దాని రెండో జీవితం. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌లో గాయపడ్డ భారత సైనికులకు 1914 డిసెంబరు నుంచి 1916 జనవరి వరకు ఇదే ఆస్పత్రి. వేర్వేరు మతాల, కులాల వాళ్లకు వేరువేరుగా తొమ్మిది వంటశాలలు పెట్టారు. చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని ఊరి బయట కొండ మీద దహనం చేశారు. ఆ చోట ఛత్రి అనే తెల్లటి పాలరాతి గుమ్మటపు స్మారకం కట్టారు, 1921లో ఆవిష్కరించారు. రోడ్డు నుంచి పొలాల మధ్య నడిచి వెళ్లాలి. బ్రైటన్ వెళ్లిన మనవాళ్లలో చాలామంది పియర్ దాకా వెళ్లి తిరిగొస్తారు, అక్కడిదాకా వెళ్లేవాళ్లు అరుదు. అంతకు వందేళ్ల ముందే పట్నా నుంచి వచ్చిన షేక్ దీన్ మహమ్మద్ ఇదే ఒడ్డున ఆవిరి స్నానాలు, మర్దన చేసే స్నానశాల నడిపి ఇద్దరు రాజులకు సేవ చేశాడు. ఇలాంటి కథ సౌతెండ్ దగ్గర లేదు.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తే మాత్రం నేను సౌతెండే అంటాను. బ్రైటన్ స్టేషన్ నుంచి సముద్రానికి పావుగంట దిగుడు, అంటే సాయంత్రం అలసిపోయాక అదంతా ఎక్కుడు. ఒడ్డున రాళ్ల మీద మోకాళ్ల నొప్పులవాళ్లు నడవలేరు. సౌతెండ్‌లో చదునైన ఒడ్డు దారి మైళ్ల పొడవున ఉంది, అడుగడుగునా బెంచీలు, పియర్ చివరిదాకా రైలు. పిల్లలకు అడ్వెంచర్ ఐలాండ్ అనే రైడ్ల పార్కు, రెండు పెన్నీల నాణాలు తోసే మెషిన్లు. టికెట్ కూడా సాధారణంగా తక్కువే పడుతుంది. వెళ్లేటప్పుడు రైల్లో కుడివైపు కిటికీ పట్టుకోండి, లీ దాటాక పట్టాలు నీళ్ల పక్కనే పోతాయి. లండన్‌లో రెండు రోజులే ఉండే స్నేహితుడు హైదరాబాద్ నుంచి వచ్చాడంటే మాట వేరు, అతన్ని బ్రైటన్‌కే తీసుకెళ్లండి. సౌతెండ్ తీసుకెళ్తే ఆటు టైమయ్యిందంటే మీ పరువు పోతుంది.

చలికాలం కూడా బ్రైటన్‌దే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దుగూకడానికి అరగంట ముందు వేల స్టార్లింగ్ పిట్టలు పియర్ మీద గుంపుగా మెలికలు తిరుగుతాయి, దానికి టికెట్ లేదు.

వాన పడితే? వెళ్లేముందు అందరూ అడిగేది ఇదే, ఇంగ్లండ్‌లో అడగాల్సిందీ ఇదే. రైల్లో వెళ్లేవాళ్లు బ్రైటన్ వెళ్లండి: మ్యూజియం, పెవిలియన్, సందుల్లో పాత పుస్తకాలు, రికార్డులు అమ్మే షాపులు, తడవకుండా రోజు గడిచిపోతుంది. కారున్నవాళ్లు సౌతెండ్ వెళ్లి ఇక్కడి పెద్దవాళ్లు చేసేదే చేయండి. థార్ప్ బే వైపు కారు ముక్కు సముద్రానికి ఎదురుగా పెట్టి, వైపర్లు ఆపేసి, ఫ్లాస్కులో టీ పోసుకుని, పులిహోర డబ్బా తెరవండి. పక్క కార్లలో కూడా ఇద్దరేసి ముసలాళ్లు శాండ్‌విచ్‌లు తింటూ అదే పనిలో ఉంటారు. పార్కింగ్‌కి మాత్రం డబ్బులు కట్టండి, వానలో కూడా వార్డెన్లు తిరుగుతారు.