గుంటూరు పెద్దాసుపత్రి దగ్గర పెట్టే మధ్యాహ్నం భోజనం: తిన్నా, వడ్డించా, ఇప్పుడు రాస్తున్నా

ఇది హోటల్ కాదు, బిల్లు ఉండదు. అయినా గుంటూరులో నేను తిన్న భోజనాల్లో రివ్యూ రాయాలనిపించింది దీనికే. జీజీహెచ్, అంటే గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి దగ్గర మధ్యాహ్నం పన్నెండున్నర ఆ టైంకి ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగుతుంది, అన్నం గిన్నెలు, పప్పు, సాంబారు బకెట్లు, మజ్జిగ డ్రమ్ము దించుతారు, పది నిమిషాల్లో లైను కట్టేస్తారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు, వాళ్ళు బ్యానర్ కూడా కట్టరు.

మా అమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు పదకొండు రోజులు వార్డులో ఉన్నాం. పేషెంటుకి భోజనం లోపలికే వస్తుంది, తోడున్నవాళ్ళదే ఇబ్బంది, మంచం దగ్గర మనిషి లేకపోతే డాక్టర్ ఎప్పుడొస్తాడో, ఏ టెస్టు రాస్తాడో తెలీదు, అందుకే వినుకొండ నుంచి మాచర్ల నుంచి వచ్చినవాళ్ళు టీ బన్నుతోనే రోజు గడిపేస్తారు. మా ఇల్లు బ్రాడీపేటలోనే, అయినా వెళ్ళొచ్చే వీలుండేది కాదు. మూడో రోజు ఆకలికి ఆగలేక లైనులో నిలబడ్డా, తలెత్తలేకపోయా, నేను పనిచేసే మిర్చి యార్డు వాళ్ళు ఎవరైనా చూస్తారేమో అని. కంచం పట్టుకోగానే వడ్డించే అక్క "మీ అమ్మగారికి ఎలా ఉంది బాబూ" అంది. నేనెవరో ఆమెకి తెలీదు, అక్కడికొచ్చే ప్రతివాళ్ళకీ లోపల ఎవరో ఒకళ్ళు ఉంటారు కదా, మా అమ్మ వయసు ఊహించుకుని అడిగిందంతే. ఆ మాటకి నాకు గొంతు పూడుకుపోయింది.

ఇక భోజనం సంగతి. అన్నం బాగా వండుతారు, ముద్దగా ఉండదు. దోసకాయ పప్పు, టమాటా పప్పు మార్చి మార్చి చేస్తారు, వారంలో ఒకరోజు గోంగూర పప్పు, ఆ రోజు లైను పెద్దది. ముసలివాళ్ళు ఎక్కువ కాబట్టి గుంటూరు కారం వెయ్యరు, కావాలంటే పచ్చడి పక్కన పెడతారు. సాంబారు మాత్రం జనం ఎక్కువైన రోజు పలచగా ఉంటుంది, ఉన్న మాట చెప్పాలి కదా. వానొస్తే నిలబడటానికి నీడ లేదు. రెండోసారి మూడోసారి వచ్చినా పెడతారు, లోపల ఇంకొకళ్ళు ఉన్నారని బాక్సు తెస్తే అడక్కుండా నింపుతారు, నిజమా అబద్ధమా అని చూడరు, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఐదు రూపాయల అన్న క్యాంటీన్లు ఉండగా ఇది దేనికి అని మా బావమరిది అడిగాడు. 2018లో మొదలైనప్పుడు, మధ్యలో ఆగి మళ్ళీ 2024లో తెరిచినప్పుడు నేనూ తిన్నా, మంచి భోజనమే. కానీ మంచం వదిలి అంత దూరం పోలేనివాళ్ళకి గేటు దగ్గరికొచ్చిన అన్నం వేరు. గోదావరి దాటే బాటసారులకి ఏ వేళకొచ్చినా వండిపెట్టిన డొక్కా సీతమ్మ గారి గురించి చిన్నప్పుడు విన్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

అమ్మ ఇంటికొచ్చాక ఒక ఆదివారం ఊరికే వెళ్ళా, యార్డుకి సెలవు. ఇరవై ఏళ్ళుగా కమీషన్ కొట్లో మిర్చి టిక్కీల (బస్తాల) లెక్కలు రాస్తున్నా, సాయంత్రం ఇంటికొచ్చి ఈరోజు ఏం చేశానంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఆరోజు గరిట చేతికిచ్చి అక్క ఒకటే చెప్పింది: "చాలా అని అడక్కు, ఇంకొంచెం వెయ్యనా అని అడుగు, చాలా అంటే మొహమాటపడి చాలనేస్తారు." నేను తిన్న రోజుల్లో నన్నూ అలాగే అడిగారని అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది, చాలా ఏళ్ళ తర్వాత. ఆదివారం ఎప్పుడొస్తుందా అని అప్పట్నుంచి ఎదురుచూస్తున్నా.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు ఇక్కడి నుంచే పులిహోర పొట్లాలు వెళ్ళాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులవి. పులిహోరే ఎందుకంటే చింతపండు పులుపుకి సాయంత్రం దాకా పాడవదు, పప్పన్నం అయితే దారిలోనే పులుస్తుంది. అన్నం బట్ట మీద ఆరబోసి చల్లారాకే పొట్లం కట్టాలి, వేడి మీద కడితే లోపల చెమ్మ పట్టి పాడవుతుంది. రాత్రంతా కట్టాం, చేతులు పసుపు, ఒక్కళ్ళు కూడా ఇంటికెళ్తామనలేదు.

నాకు నచ్చని సంగతి ఒకటుంది, అది వీళ్ళది కాదు, సాయానికొచ్చే మనలాంటోళ్ళది. పుట్టినరోజని కేకు పట్టుకొచ్చి కంచం పట్టుకున్న ముసలాయన పక్కన నిలబడి ఫోటో దిగేవాళ్ళు. అక్క వద్దంటుంది, అయినా దొంగచాటుగా తీస్తారు. దయచేసి తియ్యకండి, నేను ఆ లైనులో తల దించుకుని నిలబడ్డవాణ్ణి.

డబ్బులకన్నా బియ్యం, కందిపప్పు ఇవ్వండి. కేజీ బియ్యం ఎనిమిది మందికి సరిపోతుందని మనిళ్ళలో లెక్క, ఇక్కడ ఆరుగురికే వస్తుంది, నిన్న రాత్రి నుంచి తిననోళ్ళు ఉంటారు. వెళ్ళాలనుకుంటే పొద్దున ఎనిమిదింటికే వంట దగ్గరికి వెళ్ళండి. వడ్డించడానికి ఎప్పుడూ పదిమంది ఉంటారు, కూరగాయలు తరగడానికి, గిన్నెలు తోమడానికే మనుషులు చాలట్లేదు.