ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఏ ఫ్లోర్ కొనాలి? మూడు ఫ్లోర్లు చూశాక నా మాట

మేముండేది కింద స్టిల్ట్ పార్కింగ్, పైన ఐదు అంతస్తులున్న అపార్ట్‌మెంట్. ఇదే బిల్డింగ్‌లో మొదట ఫస్ట్ ఫ్లోర్‌లో ఏళ్ళ తరబడి అద్దెకున్నాం. తర్వాత టాప్ ఫ్లోర్‌లో ఫ్లాట్ కొనుక్కుని పైకి మారాం. మా అక్కావాళ్ళది సరిగ్గా మా కింద ఫ్లాట్. ప్లాన్ ఒకటే, కిటికీలు ఒకే వైపు, గదుల కొలతలూ ఒకటే. తేడా అల్లా మధ్యలో ఉన్న ఒక్క స్లాబ్. రెండు ఇళ్ళలోనూ రోజూ తిరుగుతుంటాం కాబట్టి ఆ తేడా ఎంతో మాకు బాగా తెలుసు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఇలాంటి తక్కువ అంతస్తుల బిల్డింగ్‌లో అన్నిటికంటే హాయిగా ఉండేది టాప్ ఫ్లోర్‌కి ఒకటి కింది ఫ్లోర్. మన సీలింగ్ పైన ఏముంది, మన నేల కింద ఏముంది అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే ఏ ఫ్లాట్‌లో ఏ సుఖం ఉంటుందో, ఏ తలనొప్పి వస్తుందో చాలావరకు ముందే తెలిసిపోతుంది.

టాప్ ఫ్లోర్‌తో మొదలుపెడతాను, చెప్పాల్సింది ఎక్కువగా ఉన్నది దాని గురించే. వేడి అనగానే అందరూ మధ్యాహ్నం గురించే అడుగుతారు. అసలు కష్టం మొదలయ్యేది సాయంత్రం. పదిహేను సెంటీమీటర్ల కాంక్రీట్ స్లాబ్ గుండా వేడి లోపలికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నం రెండింటికి పైన పడిన ఎండ, మనం ఇంటికి చేరి కాస్త నడుం వాల్చే వేళకు గదిలోకి దిగుతుంది. రాత్రి తొమ్మిదింటికి స్టూల్ ఎక్కి సీలింగ్‌కి అరచెయ్యి ఆనిస్తే పొయ్యి మీంచి దించి కాసేపైన పెనంలా వెచ్చగా తగులుతుంది. అదే సమయానికి అక్కావాళ్ళ సీలింగ్ చల్లగా ఉంటుంది. ఫ్యాన్ వేస్తే మా ఇంట్లో ముందు వచ్చేది పైన పేరుకున్న వేడిగాలే. రెండిళ్ళలోనూ ఒకే కెపాసిటీ ఏసీలున్నాయి. వాళ్ళది గది చల్లబడ్డాక కంప్రెసర్ ఆగి విశ్రాంతి తీసుకుంటుంది. మాది ఎండలు మండిపోయే రోజుల్లో అర్ధరాత్రి దాకా ఆగదు.

దీనికి మందు లేకపోలేదు. టెర్రస్ మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ కోటింగ్ వేయించాం. మామూలు సిమెంట్ స్లాబ్ తన మీద పడే ఎండలో మూడో వంతు మాత్రమే వెనక్కి పంపిస్తుంది. మంచి తెల్ల కోటింగ్ కొత్తలో దాదాపు 80 శాతం దాకా తిప్పికొడుతుంది. మా పడకగదిలో రాత్రిళ్ళు ఆ తేడా స్పష్టంగా తెలిసింది. కాకపోతే దుమ్ము పట్టే కొద్దీ దాని పని తగ్గిపోతుంది, ఏటా ఎండలు ముదిరేలోపు కడిగించాలి. పైగా టెర్రస్ అందరిదీ. కోటింగ్ వేయించుకోవాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి, ఖర్చులో వాటా అడిగితే కింది ఫ్లోర్ల వాళ్ళు ముఖం చాటేస్తారు. కొనేముందే ఈ సంగతి మాట్లాడుకోవడం మంచిది.

రెండోది వాన. స్లాబ్ కారడానికి చాలాసార్లు కాంక్రీట్ కారణం కాదు. నీళ్ళు నిలవడం, పిట్టగోడ స్లాబ్‌ను కలిసే మూల, పైపులు స్లాబ్‌ను చీల్చుకుని దిగే చోటు, ఈ మూడింటి దగ్గరే చెమ్మ మొదలవుతుంది. మా టెర్రస్ మీద నీళ్ళు దిగే గొట్టాల మూతికి జాలీలున్నాయి. గుప్పెడు ఎండుటాకులు అడ్డం పడితే చాలు, ఒక్క పెద్ద వానకి టెర్రస్ చెరువైపోతుంది. వానలు మొదలయ్యే ముందు నేనే పైకెక్కి ఒక్కో జాలీ ఎత్తి శుభ్రం చేస్తాను. టాప్ ఫ్లోర్ కొనేవాళ్ళు ఈ పనిని ఇంటి పనుల్లో కలుపుకోవాల్సిందే. వాచ్‌మన్ చూస్తాడులే అనుకుంటే సీలింగ్ మీద పసుపు మరక వచ్చాకే తెలుస్తుంది.

మూడోది నీళ్ళ ప్రెషర్. వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ ట్యాంకుకి దగ్గరగా ఉండటమే టాప్ ఫ్లోర్ లోపం. పది మీటర్ల ఎత్తు నీళ్ళకి దాదాపు ఒక బార్ ప్రెషర్ వస్తుంది. మా ట్యాంకులో నీటి మట్టానికీ మా షవర్‌కీ మధ్య రెండు మీటర్లే, అంటే 0.2 బార్. అక్కావాళ్ళకి ఇంకో మూడు మీటర్లు కలిసి 0.5 బార్. మేము అద్దెకున్న ఫస్ట్ ఫ్లోర్‌లో 1.4 బార్ దాకా ఉండేది, అక్కడ షవర్ తిప్పితే వీపు మీద చుర్రుమని పడేది. పైకి మారాక అదే షవర్ బిగిస్తే దారంలా కారింది. చాలా ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్లు కనీసం 0.3 నుంచి 0.5 బార్ అడుగుతాయి. చివరికి బూస్టర్ పంప్ పెట్టించుకున్నాం, ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కరెంటు పోయి ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసిన రోజు మాత్రం బకెట్టే గతి.

ఇన్ని చెప్పినా మాకు ఈ ఇల్లంటే ప్రాణం. తల మీద ఎవరి అడుగుల చప్పుడూ ఉండదు. అర్ధరాత్రి కుర్చీ జరిపిన కీచుమనే శబ్దం ఉండదు. పొద్దున్నే హాల్లోకి ఎండ పడుతుంది, పగలు లైటు వేసే అవసరమే రాదు. నిద్ర తేలిగ్గా చెడిపోయేవాళ్ళకి, పగలు ఇంట్లోనే ఉండి పని చేసేవాళ్ళకి ఇది చిన్న లాభం కాదు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. లిఫ్ట్ మోటార్ గది ఏ ఫ్లాట్ నెత్తిన ఉందో, లిఫ్ట్ గోడ ఏ పడకగదికి ఆనుకుని ఉందో చూడకుండా సంతకం చేయొద్దు. మా ఎదురు ఫ్లాట్‌కి ఆ ఇబ్బంది ఉంది. రాత్రి లిఫ్ట్ కదిలినప్పుడల్లా గోడ గురగురమంటుంది.

ఇక ఫస్ట్ ఫ్లోర్. నేల కింద పార్కింగ్ ఉంటే పిల్లలు ఎంత గెంతినా అడిగేవాళ్ళుండరు. మా పిల్లల చిన్నతనం అక్కడ గడవడం మాకు బాగా కలిసొచ్చింది. మెట్లు కూడా ఒక్క వరసే. కానీ తెల్లారకముందే స్టార్టయ్యే కార్లు, గేటు చప్పుడు, సంప్ మోటార్ రొద, పొగ, అన్నీ కిటికీలోంచి నేరుగా ఇంట్లోకే. అంతకంటే ముఖ్యమైనది డ్రైనేజీ. పై ఫ్లోర్ల నీళ్ళన్నీ ఒకే నిలువు గొట్టంలో దిగుతాయి. కింద డ్రైనేజీ గొట్టాలు కలిసే ఛాంబర్ దగ్గర ఎక్కడో అడ్డం పడితే ఆ నీళ్ళు వెనక్కి తన్ని, అన్నిటికంటే కింద ఏ మూతి తెరిచి ఉంటే అందులోంచి పైకి వస్తాయి. మా బాత్రూమ్ నేలలో నీళ్ళు పోయే ట్రాప్‌లోంచి ఒకసారి అలాగే నల్లటి నీళ్ళు ఉబికాయి. ఆ పూట మేము ఒక్క చుక్క వాడలేదు, అదంతా పైవాళ్ళ నీళ్ళే! కింది ఫ్లోర్‌కి విడిగా లైన్ వేసి ఛాంబర్‌లో కలిపిన బిల్డింగుల్లో ఈ బెడద చాలా తక్కువ. గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఫ్లాట్లుండే చోట ఇది మరీ ముఖ్యం. ఫ్లాట్ చూడటానికి వెళ్ళినప్పుడు ప్లంబర్‌ని వెంటబెట్టుకెళ్ళి అడిగించండి.

వెలుతురు సంగతి కూడా లెక్క వేసుకోవచ్చు. ఎదురుగా 15 మీటర్ల ఎత్తు బిల్డింగ్, మధ్యలో ఆరు మీటర్ల ఖాళీ ఉందనుకోండి. నేల నుంచి నాలుగు మీటర్ల ఎత్తులో ఉన్న ఫస్ట్ ఫ్లోర్ కిటికీకి ఆ వైపు నుంచి నేరుగా ఎండ తగలాలంటే సూర్యుడు 61 డిగ్రీలు పైకి రావాలి. పది మీటర్ల ఎత్తున్న థర్డ్ ఫ్లోర్ కిటికీకి 40 డిగ్రీలు చాలు. పక్కన ఖాళీ స్థలం ఉంటే ఇప్పుడు వచ్చే వెలుతురు చూసి మురిసిపోకండి, రేపు అక్కడ గోడ లేస్తుందనుకునే లెక్క వేయండి.

మధ్య ఫ్లోర్లకున్న అసలు బెడద పైవాళ్ళ బాత్రూమ్. అక్కే ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్, మా బాత్రూమ్ సీలింగ్ మీద మరక రోజురోజుకీ పెరుగుతోందిరా, ఒకసారి కిందికొచ్చి చూడు" అంది. చూస్తే మా ట్రాప్ చుట్టూ జాయింట్ పోయి నీళ్ళు కిందికి దిగుతున్నాయి. పెచ్చులు ఊడేది వాళ్ళ ఇంట్లో, టైల్స్ పగలగొట్టాల్సింది మా ఇంట్లో. అక్క కాబట్టి ఆ వారమే పని చేయించాం. అదే మాటా మంతీ లేని పొరుగువాళ్ళయితే ఆ మరక అలాగే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అంత ఉన్నా నాలుగో ఫ్లోర్‌కే నా ఓటు. వేడి లేదు, ప్రెషర్ పరవాలేదు, వెలుతురు దాదాపు మాకు వచ్చినంతే వస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే మాత్రం ఈ లెక్క మారుతుంది. అంతస్తుకి సుమారు 18 మెట్లు, మా ఇంటికి 90. నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయిన కొత్తలోనే లిఫ్ట్ రిపేరుకొచ్చింది. స్పేర్ పార్టు వచ్చేదాకా ఆయన్ని డ్రెస్సింగ్‌కి కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకుని దించాం. మలుపు తిరిగినప్పుడల్లా ఆయన రెయిలింగ్ గట్టిగా పట్టుకునేవారు. ఆరుగురు పట్టే చిన్న లిఫ్టుల్లో స్ట్రెచర్ పట్టదు, లిఫ్ట్ బాగున్న రోజు కూడా అంబులెన్స్ వాళ్ళు మెట్లే దిగాలి. వయసైన అమ్మానాన్నలతో ఉండబోయేవాళ్ళకి వెలుతురు కాస్త తగ్గినా సెకండ్ ఫ్లోరే చూసుకోమంటాను.

ఫ్లాట్ చూడటానికి ఆదివారం పొద్దున ఒక్కసారి వెళ్ళి ఊరుకోవద్దు. బాగా ఎండ కాసిన రోజు రాత్రి వెళ్ళి సీలింగ్‌కి చెయ్యి ఆనించండి. రెండు కుళాయిలు తిప్పి ఉంచి షవర్ వదలండి. గట్టి వాన పడిన మర్నాడు టెర్రస్ ఎక్కండి, నీళ్ళు ఎక్కడ నిలిచాయో కళ్ళకే కనిపిస్తుంది. అడ్వాన్స్ ఇచ్చే ముందు పై ఫ్లాట్ వాళ్ళతో, కింది ఫ్లాట్ వాళ్ళతో పది నిమిషాలు మాట్లాడండి. పైవాళ్ళు బాత్రూమ్ జాగా మార్చి కట్టించుకున్నారేమో అడగండి. మార్చి ఉంటే వాళ్ళ బాత్రూమ్ మీ పడకగది మీదికి వచ్చి ఉండొచ్చు, ఆ ఫ్లాట్ ఎంత నచ్చినా వదిలేయండి.