పోప్ గుహ చూడండి, ట్వికెన్‌హామ్‌లో బస మాత్రం వద్దు

ఇంగ్లిష్ కవి అలెగ్జాండర్ పోప్ గుహ కోసం ట్వికెన్‌హామ్ వెళ్లేవాళ్లకి ముందే చెబుతున్నాను: పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి. లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి రైల్లో అరగంటకి కాస్త అటూ ఇటూ. దానికోసం రాత్రి అక్కడ ఉండక్కర్లేదు.

మేం ఉన్నాం. నేను, మా ఆవిడ, అక్కడే ఉద్యోగం చేసుకుంటున్న మా బావమరిది. గెస్ట్‌హౌస్‌లో ఒక్క రాత్రికి 118 పౌండ్లు, మన డబ్బులో పన్నెండు వేల పైమాటే. ఫొటోలో కిటికీ అవతల థేమ్స్ నది, పడవలు. తీరా గదిలోకి వెళ్లి కర్టెన్ తీస్తే పక్కింటి ఇటుక గోడ, దాని కింద మూడు చెత్త డబ్బాలు. ఇదేంటని అడిగితే, "ఆ ఫొటో ఊరిది, మీ గదిదని ఎక్కడా రాయలేదుగా" అన్నాడు యజమాని. గది మూడింటికి గానీ ఇవ్వడు. అప్పటిదాకా సామాను పెట్టుకున్నందుకు పెట్టెకి 5 పౌండ్ల చొప్పున 15 వసూలు చేశాడు. టీ పెట్టుకుందామని మా ఆవిడ కాసిన్ని పాలు అడిగితే, 11.50 పౌండ్ల బ్రేక్‌ఫాస్ట్ తీసుకున్నవాళ్లకే ఇస్తామన్నాడు. దాంతో ఆవిడ మూడ్ పాడైంది, రాత్రి భోజనం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. పైగా అదే గది వారం తర్వాతి తేదీకి 79 పౌండ్లే అని మా బావమరిది ఫోన్‌లో చూపించాడు. మేం దిగిన రోజు ఊళ్లో రగ్బీ మ్యాచ్ ఉందట, అందుకని రేటు పెంచేశాడు. "వాడితో వాదించి లాభం లేదు బావా" అంటూనే వాడే అరగంట వాదించి 20 పౌండ్లు వెనక్కి రాబట్టాడు.

మర్నాడు గుహ చూశాక ఆ కోపం చాలావరకు దిగిపోయింది.

పోప్ 1688లో లండన్‌లో ఒక బట్టల వ్యాపారి ఇంట్లో పుట్టాడు. కుటుంబం కాథలిక్కులు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో వాళ్లకి యూనివర్సిటీ చదువు లేదు, సర్కారు ఉద్యోగం లేదు, లండన్‌కి పది మైళ్ల లోపు కాపురం ఉండకూడదని చట్టం కూడా ఉండేది. దానికి తోడు చిన్నతనంలోనే వెన్నెముకకి క్షయ సోకింది. మనిషి నాలుగున్నర అడుగుల దగ్గరే ఆగిపోయాడు. అలాంటివాడు ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం ఇలియడ్‌ని ఇంగ్లిష్ పద్యాల్లోకి తెచ్చి, చందాదారుల దగ్గర ముందే డబ్బు తీసుకుని అచ్చు వేయించాడు. ఏ ప్రభువు పంచనా చేరకుండా ఆ సంపాదనతో 1719లో ఇక్కడ నది ఒడ్డుకి మకాం మార్చాడు. నాకు ఆయనంటే గౌరవం ముందు అందుకే, పద్యాలు ఆ తర్వాత.

ఇల్లు నది వైపు, తోట రోడ్డుకి అవతల. రోడ్డు దాటే పని లేకుండా కింద సొరంగం తవ్వించి, దాన్నే గుహగా మలుచుకున్నాడు. చివరి ఏళ్లలో దాని గోడల నిండా రాళ్లు, ఖనిజాలు పొదిగించాడు. దగ్గరికెళ్లి చూస్తే తెల్లటి స్ఫటికాలు, తుప్పురంగు ముడి ఖనిజం ముక్కలు, మధ్యమధ్య గవ్వలు. లైటు పడ్డచోటల్లా ఒక్కో రాయి ఒక్కో రంగులో మెరుస్తోంది. బ్రిటిష్ మ్యూజియానికి మూలమైన సేకరణ చేసిన హాన్స్ స్లోన్ పంపిన ఐర్లండ్ నల్లరాయి కూడా ఇక్కడికే చేరింది. గైడుగా ఉన్న పెద్దావిడ జీతం లేకుండా చేస్తున్నారు. మేం అడిగిన ప్రతిదానికీ ఓపిగ్గా జవాబు చెప్పారు.

ఇల్లు మాత్రం ఇప్పుడు లేదు. పోప్ ఇల్లు చూస్తామని వచ్చేపోయేవాళ్లతో విసిగిపోయి, అప్పటి యజమానురాలు 1808లో దాన్ని పడగొట్టించింది. అది విన్నప్పుడు నాకు కడుపు రగిలిపోయింది. ఇప్పుడు గుహ మీద ఒక స్కూలు నడుస్తోంది.

పోప్ పద్యాల్లో ఎదుటివాళ్లని తిట్టేవాడని నేను చెబితే, "ఈయనకి అందరి మీదా అంత కోపం దేనికి?" అంది మా ఆవిడ. చెత్త రాతలు రాసేవాళ్లని 1728లో 'డన్సియడ్' కావ్యంలో ఉతికేశాడని చెప్పాను. ఆయన పద్యాలు మన ద్విపదలా రెండేసి పాదాలు, రెండో పాదం చివర దెబ్బ తగులుతుంది. ఆ కావ్యం వచ్చాక బయటికెళ్తే బౌన్స్ అనే పెద్ద కుక్కనీ, రెండు పిస్తోళ్లనీ వెంట ఉంచుకునేవాడని ఆయన సవతి అక్క చెప్పిందట.

ఊళ్లోని సెయింట్ మేరీస్ చర్చి అస్సలు మిస్ కావద్దు. 1744లో పోయిన పోప్‌ని అక్కడే పూడ్చారు. నేలలో 'పి' అక్షరం చెక్కిన రాయి ఉంది. గోడ మీది స్మారకంలో ఆయన పద్యమే: వీరులారా, రాజులారా, దూరంగా ఉండండి, మిమ్మల్ని ఎన్నడూ పొగడని ఒక పేద కవిని ప్రశాంతంగా నిద్రపోనివ్వండి అని. తన భాగవతం రాజులకి ఇవ్వనన్న పోతన కథ విని పెరిగిన మనకి ఆ పద్యం దగ్గర కాళ్లు కదలవు.

చర్చి బయటి గోడకి ఇంకో పలక ఉంది, చాలామంది చూడకుండానే వెళ్లిపోతున్నారు. పసితనంలో తనని సాకి, 38 ఏళ్లు కనిపెట్టుకుని ఉన్న దాది మేరీ బీచ్ 1725లో చనిపోతే, కృతజ్ఞతతో పోప్ పెట్టించినది. మా ఆవిడ దాన్ని పూర్తిగా చదివించుకుని, "అందరినీ తిట్టాడన్నారు కదండీ, ఇంత మనసున్నవాడా!" అంది. పొద్దుటి నుంచి పట్టించుకోనట్టు ఉన్నావిడ ఆ తర్వాత పోప్ గురించి నాకంటే ఎక్కువ అడిగింది.

మార్బుల్ హిల్ భవనం నడక దూరమే, ప్రవేశం ఉచితం. దాని తోటకి పోప్ సలహాలిచ్చాడు. సాయంత్రం బస్సులో దగ్గర్లోని హౌన్‌స్లో వెళ్లి మసాలా దోసె తిన్నాం, 7.95 పౌండ్లు, సాంబారు మళ్లీ అడిగితే నవ్వుతూ పోశారు.

గుహ ఏడాది పొడుగునా తెరిచి ఉండదు, కొన్ని తేదీల్లోనే చూపిస్తారు. ముందు ఆ టికెట్ దొరకబుచ్చుకుని, తర్వాతే రైలు సంగతి చూసుకోండి. నా మాట కాదని రాత్రి అక్కడే ఉంటామంటే, ఆ తేదీన స్టేడియంలో మ్యాచ్ ఉందేమో చూసి, గది కిటికీ ఫొటో విడిగా పంపమని అడిగాకే డబ్బు కట్టండి.