పాత ఎస్‌యూవీకి కొత్త టైర్లు: వానలో పట్టు కుదిరింది, అదురు పోవడానికి ఇంకో పని పట్టింది

టైరులో గాడులు లోతుగా ఉన్నంత మాత్రాన వానలో పట్టు ఉంటుందనుకోవద్దు. టైరు వయసు తెలియాలంటే దాని పక్కభాగంలో డాట్ కోడ్ (DOT అని మొదలయ్యే అక్షరాలు, అంకెల వరుస) చివరి నాలుగు అంకెలు చూడండి. 2316 అని ఉంటే అది 2016లో 23వ వారంలో తయారైనది. మా బండి పాత టైర్లు అరగకముందే ముదిరిపోయాయి. గోరుతో నొక్కితే రబ్బరు దిగేది కాదు, గాడుల అడుగున సన్నని పగుళ్లు. ఇంజన్ బలమంతా వెనక చక్రాలకే వెళ్లే బండి కావడంతో, తడి మలుపులో కాస్త వేగం పెంచితే చాలు, వెనక భాగం పక్కకు జారేది.

వాటి స్థానంలో సిలికా కలిపిన రబ్బరుతో చేసిన హైవే రకం టైర్లు వేయించాను. ఇప్పుడవి సగం పైగా అరిగాయి కనుక ధీమాగా చెప్పగలను: తడి రోడ్డు మీద బ్రేకు వేసినా, మలుపు తిప్పినా బండి చెప్పినట్టు వింటోంది. నిలిచిన నీటి మీద మాత్రం కొత్తలో ఉన్నంత భరోసా లేదు. గాడుల లోతు తగ్గేకొద్దీ టైరు నీటిని పక్కకు తోయలేదు, స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోతుంది. అందుకే గాడుల్లో ఉండే 1.6 మిల్లీమీటర్ల అరుగుదల గుర్తు దాకా ఆగకుండా 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేస్తాను. బురదలో ఇవి మట్టిదారులకూ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లకు సాటిరావు. నా ప్రయాణాలు తారు రోడ్ల మీదే కాబట్టి ఆ లోటు నాకు పట్టింపు లేదు.

ఇక అదురు. హబ్ (చక్రాన్ని బిగించే భాగం) మీది తుప్పును వైరు బ్రష్‌తో గీకి, చక్రాలను బ్యాలెన్స్ చేసి బిగించాక స్టీరింగులో వణుకు పోయింది. సీటు కింద అదురు మాత్రం మిగిలింది, అదీ ఆక్సిలరేటర్ తొక్కినప్పుడే. ఈ తేడాను పట్టుకోవడమే అసలు కీలకం. స్టీరింగు వణికితే ముందు చక్రాలను, సీటు వణికితే వెనక వైపును అనుమానించాలి. బ్రేకు వేసినప్పుడే వస్తే బ్రేకు డిస్కులు చూడాలి. బలం పడినప్పుడే వస్తే ఇంజన్ బలాన్ని వెనక చక్రాల వైపు చేర్చే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని జాయింట్లు చూడాలి. చాలామంది వెంటనే అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) చేయిస్తారు. బండి ఒక పక్కకు లాగుతుంటే దానితో బాగవుతుంది గానీ, ఇలాంటి అదురు పోదు.

మెకానిక్ బండిని పైకెత్తి, న్యూట్రల్‌లో పెట్టి షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పాడు. షాఫ్టు కోణం మారినా తిరిగేలా చేసే వెనక యూనివర్సల్ జాయింట్ దగ్గర టిక్కుమని కాస్త వదులు కనిపించింది. విప్పి చూస్తే గ్రీజు ఎండిపోయి, కప్పు లోపలి సూది బేరింగుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలింది. షాఫ్టు విప్పేముందే ఫ్లాంజ్ (షాఫ్టును బోల్టులతో బిగించే అంచు) మీదా షాఫ్టు మీదా సుద్దతో గుర్తు పెట్టించండి. మళ్లీ అదే స్థితిలో బిగించకపోతే బ్యాలెన్స్ తప్పి కొత్త అదురు మొదలవుతుంది. జాయింట్ మార్చాక మళ్లీ ఆ వణుకు రాలేదు. గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉన్న జాయింట్ దొరికితే అదే తీసుకోండి, సర్వీసు చేయించిన ప్రతిసారీ గ్రీజు కొట్టించవచ్చు.