హనీమూన్‌కి మున్నార్–తేక్కడి మేలా, నైనిటాల్–కార్బెట్ మేలా? ముందు ముహూర్తం ఏ నెలలోనో చెప్పండి

హనీమూన్‌కి ఎక్కడికి వెళ్దాం అని మా చుట్టాల్లో కొత్తగా పెళ్లి కుదిరినవాళ్లు అడిగితే, బడ్జెట్ ఎంత అని అడిగే ముందు ముహూర్తం ఏ నెలలో అని అడుగుతాను. సముద్రం ఒడ్డుకో పెద్ద నగరానికో వెళ్లేవాళ్లకు దానితో అంత పని లేదు. కొండల మధ్య సరస్సు, ఇద్దరూ కలిసి నడిచే అడవి దారి, కళ్లారా చూసే ఏనుగుల మంద, ఈ మూడూ కావాలనుకునే జంటకు మాత్రం నెలే ముఖ్యం. మన పెళ్లిళ్లు ఎక్కువగా మాఘ ఫాల్గుణాల్లో, వైశాఖ జ్యేష్ఠాల్లో, శ్రావణంలో, కార్తీక మార్గశిరాల్లో జరుగుతాయి. అడవికీ దాని పంచాంగం దానికుంది. ఏ గేటు ఎప్పుడు మూస్తారో, ఏ జంతువు ఎప్పుడు నీళ్ల దగ్గరికి దిగుతుందో చూసుకోకుండా ప్యాకేజీ కొనుక్కుంటే, ఖర్చు పెట్టుకుని వెళ్లి మూసిన గేటు చూసి రావాలి.

ఇక్కడ నేను తూచేది రెండు ప్రాంతాలను. ఒకటి కేరళలో మున్నార్, తేక్కడి. రెండోది ఉత్తరాఖండ్‌లోని కుమావూన్ కొండలు, అంటే నైనిటాల్ చుట్టుపక్కల సరస్సులు, బిన్సర్, కింద కార్బెట్ అడవి. శ్రావణంలో పెళ్లయినవాళ్లు లద్దాఖ్ పేరు కూడా ఎత్తుతారు కాబట్టి దాని సంగతీ చెప్తాను. నా మొగ్గు కుమావూన్ వైపు. అయితే అన్ని నెలల్లోనూ కాదు.

సరస్సులు

మున్నార్ దగ్గర చూపించే మాట్టుపెట్టి, కుండల సరస్సులు రెండూ ఆనకట్టల వెనక నిలిచిన నీళ్లు. చుట్టూ టీ తోటలు, ఎదురుగా కొండలు, చూడ్డానికి బాగుంటాయి. కానీ పడవల కోసం క్యూ, ఒడ్డున మొక్కజొన్న కంకుల బళ్లు, గంటసేపట్లో అయిపోతుంది. తేక్కడిలోని పెరియార్ సరస్సు వేరు. 1895లో ముల్లపెరియార్ డ్యాం కట్టాక లోయ మునిగి, సుమారు 26 చదరపు కిలోమీటర్ల మేర నీళ్లు నిలిచాయి. ఆనాడు మునిగిన చెట్ల మోళ్లు ఇప్పటికీ నీటిపైకి కనిపిస్తుంటాయి. వాటి మీద నీటికాకులు రెక్కలు చాచి ఆరబెట్టుకుంటాయి. మనిషి కట్టిన డ్యాం వల్ల వచ్చిన సరస్సే అయినా, అడవి నడిమధ్యన ఉంది కాబట్టి ఏనుగులు, అడవిదున్నలు, కణుజులు దాని ఒడ్డుకే వస్తాయి. పడవలో కూర్చుని చూడొచ్చు.

కుమావూన్ సరస్సులు సహజంగా ఏర్పడినవి. నైనిటాల్ సరస్సు 1,900 మీటర్లకు పైన ఉంది, మూడువైపులా నిట్టనిలువు కొండలు. పేరున్న ఊరు కాబట్టి అందరూ అక్కడే దిగుతారు. నేనైతే అక్కడ ఒక పూట పడవ ఎక్కి బయల్దేరమంటాను. అసలైన నీళ్లు భీమ్‌తాల్, నౌకుచియాతాల్, సాత్‌తాల్ వైపు ఉన్నాయి, కారులో గంట, గంటన్నర దూరం. వీటిలో కొత్త జంటకు నా మొదటి ఎంపిక సాత్‌తాల్. సుమారు 1,370 మీటర్ల ఎత్తులో ఓక్, పైన్ చెట్ల మధ్య చిన్న చిన్న సరస్సుల గుంపు అది. రామ్, లక్ష్మణ్, సీతా తాల్ అని ఒకదానికొకటి కలిసి ఉంటాయి, గరుడ్ తాల్ కాస్త ఎడంగా, చెట్ల మరుగున. నలదమయంతుల పేరుతో కూడా ఒక కొలను ఉంది. గరుడ్ తాల్ దగ్గర ఒడ్డునే కూర్చుని ఉదయమంతా గడిపినా ఎవరూ లేవమనరు. పక్షుల కోసం దేశమంతటి నుంచీ ఫొటోగ్రాఫర్లు వచ్చే చోటు కాబట్టి బైనాక్యులర్ తప్పకుండా పెట్టుకోండి.

సరస్సుల వరకు అందానికి సాత్‌తాల్, జంతువులకు పెరియార్. మాట్టుపెట్టి, నైనిటాల్ రెండూ వీటి తర్వాతే.

నడక

ఇక్కడే రెండు ప్రాంతాల మధ్య తేడా బాగా తెలుస్తుంది. మున్నార్‌లో కొండలన్నీ పచ్చగా కనిపించినా ఎక్కువ భాగం ఎస్టేట్ల టీ తోటలు, మనం ఇష్టమొచ్చినట్టు నడిచే దారులు కావు. పైగా ఆ తోటల్లో ఏనుగులు తిరుగుతుంటాయి. పడయప్ప అనే దంతాల ఏనుగు రోడ్ల మీదికి కూడా వచ్చి వార్తల్లోకెక్కింది. తెల్లవారుజామున, చీకటి పడే వేళ ఇద్దరే షికారుకు వెళ్లడం ప్రమాదం. కాస్త గట్టిగా నడవగలిగేవాళ్లకు మీసపులిమల ఉంది, 2,640 మీటర్లు, కేరళ అటవీ అభివృద్ధి సంస్థ అనుమతితో వెళ్లాలి. తేక్కడిలో అటవీ శాఖ నడిపే నేచర్ వాక్, వెదురు తెప్పల ప్రయాణం నాకు చాలా ఇష్టమైనవి. ఒకప్పుడు ఈ అడవిలోంచి దొంగతనంగా చెక్క తరలించినవాళ్లలో కొందరు, ఇక్కడి గిరిజనులు ఇప్పుడు ఈ అడవికే కాపలాదారులు, గైడ్లు. కాలిముద్ర చూసి ఏ జంతువు ఎటు వెళ్లిందో వాళ్లు చెప్తుంటే వింటూ నడవడం పెద్ద పడవలో వందమందితో కూర్చోవడం కంటే ఎంతో మేలు. అయితే గైడ్ వెంట ఉండాల్సిందే, ఇద్దరే వెళ్లడం కుదరదు.

బిన్సర్‌లో నడక ఇద్దరికీ సరిగ్గా సరిపోతుంది. అది 2,400 మీటర్లకు పైదాకా లేచే కొండల మీది అభయారణ్యం. లోపల ఓక్, బురాన్స్ చెట్ల నీడలో టూరిస్ట్ రెస్ట్‌హౌస్ నుంచి జీరో పాయింట్ వరకు సుమారు రెండు కిలోమీటర్ల దారి, పెద్దగా ఎక్కుడు ఉండదు. మబ్బు లేకపోతే చివర్లో ఎదురుగా హిమాలయ శిఖరాలు వరసగా: త్రిశూల్, 7,816 మీటర్ల నందాదేవి, పంచచూలి. రెస్ట్‌హౌస్‌లో కరెంటు సాయంత్రం కొద్ది గంటలే ఉంటుందని చెప్పే మాట నిజమే. పెళ్లి వారంలో ఫోన్లూ ఫొటోలూ పలకరింపులతో అలిసినవాళ్లకు అది మంచిదే అంటాను.

అమ్మాయిలకు ఒక మాట. మెట్టెలు కొత్తవి, వేళ్లకు ఇంకా అలవాటు కాలేదు. వాటితోనే బిగుతు బూట్లు వేసుకుని దిగుడు నడిస్తే వేళ్లు ఒరుసుకుపోతాయి. ముందు భాగం వెడల్పుగా ఉన్న బూట్లు, మందం సాక్సులు పెళ్లికి ముందే కొని ఇంట్లో కొన్నాళ్లు తొడిగి చూడండి. సఫారీకి వెళ్లేటప్పుడు గాజుల చప్పుడు తగ్గేలా పొడుగు చేతుల స్వెటర్ వేసుకుంటే చాలు, గాజులు తీయనక్కర్లేదు.

జంతువులు

పెరియార్ పులుల అభయారణ్యమే, కానీ పులి కోసం అక్కడికి వెళ్లకండి. సుమారు 925 చదరపు కిలోమీటర్ల దట్టమైన అడవిలో పులి కనబడటం చాలా అరుదు. అక్కడికి వెళ్లాల్సింది ఏనుగుల కోసం. మార్చి, ఏప్రిల్‌లో అడవి లోపలి గుంటలు ఎండిపోయి మందలు సరస్సుకు దిగుతాయి. మున్నార్‌లో ఎరవికులం నేషనల్ పార్కుది ఇంకో గొప్ప. దక్షిణ భారతంలోనే ఎత్తయిన ఆనముడి, 2,695 మీటర్లు, ఈ పార్కులోదే. అక్కడి గడ్డి కొండల మీద నీలగిరి తార్ అనే కొండమేకలు మనుషులకు బెదరకుండా దారి పక్కనే మేస్తుంటాయి. ఇంత దగ్గరగా ఒక అరుదైన జంతువును చూడటం నిజంగా అదృష్టం. పన్నెండేళ్లకోసారి పూసే నీలకురింజి ఆఖరిసారి 2018లో పూసింది, మళ్లీ 2030లో.

కార్బెట్ 1936లో హెయిలీ పేరుతో మొదలైన దేశపు తొలి నేషనల్ పార్కు. 1973లో ప్రాజెక్ట్ టైగర్ కూడా ఇక్కడే మొదలైంది. పులి కనబడుతుందని ఇక్కడా ఎవరూ మాట ఇవ్వలేరు, కానీ పెరియార్ కంటే అవకాశం చాలా ఎక్కువ. బిజ్రానీ, ఝిర్నా జోన్లకు ఉదయమో సాయంత్రమో జీపులో వెళ్లి రావచ్చు. అయితే కార్బెట్ అంటే నాకు ధికాలానే. రామ్‌గంగ జలాశయం ఒడ్డున విశాలమైన గడ్డి మైదానం, ఏప్రిల్ నుంచి జూన్ దాకా అక్కడికి ఏనుగులు పిల్లలతో సహా పెద్ద మందలుగా చేరతాయి. నదిలో ఘరియల్ మొసళ్లు. ధికాలా లోపల మాంసం, మద్యం ఉండవు, భోజనం శాకాహారమే. జంతువుల విషయంలో కార్బెట్‌దే పైచేయి, ఖర్చులో కూడా. పర్మిట్, జీపు, గైడ్ కలిపితే తేక్కడి పడవ టికెట్‌కు ఎన్నో రెట్లవుతుంది.

ప్రయాణం

ఇందులో కేరళకే నా ఓటు. హైదరాబాద్ నుంచి కొచ్చికి నేరుగా విమానాలున్నాయి, అక్కడినుంచి మున్నార్ 110 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు కాబట్టి నాలుగు గంటలు వేసుకోండి. కుమావూన్‌కు ఢిల్లీ చేరి, రాత్రి రాణిఖేత్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారికి కాఠ్‌గోదాం, మళ్లీ కారు. రాకపోకలకే రెండు రోజులు పోతాయి. సెలవు వారం కంటే తక్కువుంటే కుమావూన్ పెట్టుకోవద్దు.

ఏ ముహూర్తానికి ఏది

మాఘ ఫాల్గుణాల్లో పెళ్లయితే కుమావూన్‌కు వెళ్లండి. ఎరవికులం తార్‌లు ఈనే కాలమని సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సందర్శకులకు మూసేస్తారు. ఇది తెలియక ఫిబ్రవరిలో మున్నార్‌కు వెళ్లే కొత్త జంటలు చాలామంది. అదే సమయంలో బిన్సర్ దారుల్లో బురాన్స్ ఎర్రగా విరగబూస్తుంది, కార్బెట్ తెరిచి ఉంటుంది. సెలవు నాలుగు రోజులే అయితే మున్నార్ వదిలేసి, తేక్కడిలోనే ఉండి ఏనుగుల్ని చూసి రండి.

వైశాఖంలో అయితే తీర్పు మారుతుంది. మే నెలలో ఉత్తరాది సెలవుల జనమంతా నైనిటాల్‌లోనే ఉంటారు, అడవి మంటల పొగకు శిఖరాలు కనబడని రోజులెక్కువ, కింద కార్బెట్‌లో ఎండ మండిపోతుంది. ఎరవికులంలో మాత్రం గేటు తెరిచి, తల్లుల వెంట తార్ పిల్లలు గెంతుతుంటాయి. జూన్ మొదట్లో రుతుపవనాలు తాకేలోపే కేరళ వెళ్లి వచ్చేయండి. ఎండకు వెరవని, జంతువులంటే ప్రాణమిచ్చే జంటలకు మాత్రం మేలోనూ ధికాలానే చెప్తాను. జూన్ 15కి మూస్తారు.

కార్తీక మార్గశిరాల్లో ఆలోచించనక్కర్లేదు, కుమావూనే. ఆకాశం తేటగా ఉంటుంది, ధికాలా నవంబర్ 15న తెరుస్తారు. చలి గట్టిగానే ఉంటుంది, మన స్వెటర్లు చాలవు, లోపల వేసుకునే థర్మల్స్ కొనుక్కోండి. కేరళలో నవంబర్ అంటే ఈశాన్య రుతుపవనాల వానలు ఇంకా పడుతుంటాయి.

శ్రావణమే చిక్కు. కుమావూన్‌లో కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోతుంటాయి, కేరళ అడవుల్లో జలగలు. వాన పెద్దగా పడని లద్దాఖ్ అప్పుడు నిజంగా అందంగా ఉంటుంది. త్సో మొరీరి సరస్సు దగ్గర నల్ల మెడ కొంగలు, కియాంగ్ అనే అడవి గాడిదలు కనిపిస్తాయి. కానీ విమానం దిగే లేహ్ 3,500 మీటర్ల ఎత్తు, పాంగాంగ్ సరస్సు 4,200కు పైన, త్సో మొరీరి 4,500కు పైన. వయసులో ఉన్నాం, జిమ్‌కి వెళ్తున్నాం అన్నది అక్కడ పనికిరాదు, ఎత్తు ఎవరినైనా పడేస్తుంది. పెళ్లి రాత్రుళ్ల నిద్రలేమితో, వ్రతం అయిన మర్నాడే అంత ఎత్తుకు ఎగరడం నాకు సమ్మతం కాదు. వెళ్లి తీరాలంటే వారం విశ్రాంతి తీసుకుని, డాక్టర్‌తో మాట్లాడి, లేహ్‌లో కనీసం రెండు రోజులు కదలకుండా ఉండి, అప్పుడు సరస్సుల వైపు వెళ్లండి. నా మాట వింటే అక్టోబర్ రెండో సగం దాకా ఆగి బిన్సర్, బిజ్రానీ చూడండి.

బుక్ చేసేటప్పుడు అమ్మాయి ఇంటిపేరు కొత్తది రాయకండి. సఫారీ పర్మిట్‌లో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి, గేటు దగ్గర అదే చూస్తారు. ముందు అటవీ శాఖ వెబ్‌సైట్‌లో కార్బెట్ తేదీలు దొరికించుకుని, రైలు టికెట్లూ గదులూ ఆ తేదీల చుట్టూ అమర్చుకోండి. బిన్సర్‌లో మాత్రం రెండు రాత్రులు పెట్టుకోండి, మొదటి పొద్దున మబ్బు పట్టి శిఖరాలు కనబడకపోతే రెండోది మిగులుతుంది.