గ్లూటెన్ లేదన్న జొన్నపిండి, చక్కెర కాదన్న తాటిబెల్లం: కొనేముందు ఇది చదవండి

గోధుమ మాని చిరుధాన్యాలకు, చక్కెర మాని బెల్లానికి మారాలనుకుంటున్న వారికి, ముఖ్యంగా ఇంట్లో సీలియాక్ అనే పేగు జబ్బు ఉన్న పిల్లలు గాని, మధుమేహం ఉన్న పెద్దలు గాని ఉన్నవారికి ఈ హెచ్చరిక రాస్తున్నాను. ఒకే ఆన్‌లైన్ విక్రేత దగ్గర కొన్న రెండు సరుకుల వల్ల గత నాలుగు నెలల్లో మా ఇంట్లో ఇద్దరి ఆరోగ్యం దెబ్బతిన్నది. ఫిర్యాదు ఇంకా విచారణలో ఉన్నందున విక్రేత పేరు ఇక్కడ రాయడం లేదు. పైగా ఇదే రకం ప్యాకెట్లు ఇవే మాటలతో వేరే పేర్ల మీద కూడా కనిపిస్తున్నాయి కాబట్టి, మేము ఎక్కడ మోసపోయామో వివరంగా చెప్పడమే మీకు ఎక్కువ పనికివస్తుందని అనుకుంటున్నాను.

మా పాపకు తొమ్మిదేళ్లు. ఆరో ఏట ఎదుగుదల ఆగిపోయి, ఎన్ని టానిక్కులు పట్టినా రక్తహీనత తగ్గకపోవడంతో పరీక్షలు చేయిస్తే, ఈ జబ్బులో పెరిగే ప్రతిరక్షకాలను కొలిచే టీటీజీ రక్తపరీక్షలోను, ఎండోస్కోపీ ద్వారా తీసిన చిన్నపేగు ముక్క పరీక్షలోను సీలియాక్ అని తేలింది. చాలామంది అనుకున్నట్టు ఇది ఏదో వస్తువు ఒంటికి పడకపోవడం లాంటిది కాదు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు కడుపులోకి వెళ్తే, శరీరం తన చిన్నపేగు లోపలి పొరను తానే దెబ్బతీసుకునే జబ్బు ఇది. ఆ గింజలను జీవితాంతం పూర్తిగా మానేయడం తప్ప దీనికి వేరే వైద్యం లేదు. అందుకే మూడేళ్లుగా మా వంటింట్లోకి చపాతీ పిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమియా రావడం లేదు. అన్నం కాక జొన్నలు, రాగులు, సజ్జలు, కొర్రలతోనే రోజు గడుస్తోంది. వీటిలో దేనిలోనూ సహజంగా గ్లూటెన్ ఉండదు.

మా అత్తమ్మగారిది మహబూబ్‌నగర్ జిల్లా. యాభై ఏళ్లుగా చేత్తో జొన్నరొట్టె తడుతున్న మనిషి. ఇంట్లో ఆవిడ ఉన్నంతకాలం జొన్నలు ఊరి నుంచే వచ్చేవి, రొట్టె ఆవిడే చేసేవారు. మొన్న సంక్రాంతి తర్వాత ఆవిడ పెద్ద కొడుకు ఇంటికి వెళ్లి రెండున్నర నెలలు అక్కడే ఉండిపోవడంతో, రొట్టె బాధ్యత నా మీద పడింది. నేను చేస్తే ఎప్పుడూ అంచులు పగిలేవి, పెనం మీదికి మార్చేలోగా సగం ముక్కలయ్యేది. సరిగ్గా అప్పుడే 'నూటికి నూరుపాళ్లు గ్లూటెన్ రహితం, రాతి తిరగలిలో విసిరిన సంపూర్ణ జొన్నపిండి' అన్న ప్రకటన చూసి కిలో 140 రూపాయల లెక్కన తెప్పించాను. బజారులో జొన్నలే కొని మరపట్టించుకుంటే అందులో సగం కూడా కాదని తెలిసినా, పాప కోసమే కదా అని ధర చూడలేదు.

ఆ పిండి వచ్చిన మొదటి రోజే రొట్టె గుండ్రంగా, మెత్తగా, ఒక్క పగులు లేకుండా వచ్చింది. ఉడుకు నీళ్లు కూడా అక్కరలేదు, పంపు నీళ్లతో కలిపినా ముద్ద కట్టింది, చపాతీ కర్రతో ఒత్తినా విరగలేదు. ఇన్నాళ్లకు నాకు చేయి తిరిగిందని సంబరపడ్డాను, ఫోటో తీసి అత్తమ్మగారికి పంపాను కూడా. ఆ సంబరమే ఇప్పుడు తలచుకుంటే ఎక్కువ బాధగా ఉంది, ఎందుకంటే మోసం నా కళ్ల ముందే, నా వేళ్ల కిందే ఉంది.

నెల తిరిగేసరికి పాపకు కడుపు ఉబ్బరం మొదలైంది. తర్వాత విరేచనాలు, బడి నుంచి రాగానే పడుకోవడం, అన్నం ముందు కూర్చుని ఏడవడం. మేము ముందు బడి మీద అనుమానపడ్డాము, స్నేహితుల డబ్బాలో బిస్కట్టు తిన్నదేమోనని పిల్లను అనవసరంగా కోప్పడ్డాము. డాక్టరుగారు మొదట ఇంగువ గురించి అడిగారు. బజారులో దొరికే పొడి ఇంగువ చాలావరకు గోధుమపిండి కలిపి తయారుచేసినదే కాబట్టి ఆ ప్రశ్న సరైనదే, కాని మేము దాన్ని ఎప్పుడో మానేశాము. మామూలు స్థాయిలో ఉంటూ వచ్చిన టీటీజీ ఈసారి రెట్టింపుకు పైగా పెరిగింది. ఇంట్లో కొత్తగా వచ్చినదేమిటని ఆయన అడిగితే, జొన్నపిండి మార్చామన్న సంగతి నా నోట రాలేదు. జొన్న జొన్నే కదా అనుకున్నాను.

అత్తమ్మగారు తిరిగి వచ్చిన మర్నాడు పొద్దున నేను కలిపి ఉంచిన ముద్దలోంచి ఉసిరికాయంత తీసుకుని రెండు చేతులతో లాగారు. జొన్నపిండి ముద్ద అయితే పుటుక్కున తెగిపోవాలి. అది దారంలా సాగింది. "ఇది జొన్న కాదమ్మా, ఇందులో గోధుమ ఉంది" అని ఆవిడ ఒక్క మాట అనేసి, గిన్నె పక్కకు జరిపేశారు.

దీన్ని మీరు కూడా ఇంట్లో చూసుకోవచ్చు. అనుమానం ఉన్న పిండిని గట్టి ముద్దగా కలిపి అరగంట నానబెట్టి, పంపు కింద సన్నని ధారలో చేత్తో పిసుకుతూ కడగాలి. ఊరి జొన్నలను మిక్సీలో పట్టి చేసిన ముద్ద తెల్లని నీళ్లుగా పూర్తిగా కరిగిపోయి, చేతిలో కాస్త పొట్టు మాత్రమే మిగిలింది. ప్యాకెట్టు పిండి ముద్ద నుంచి పిండి పదార్థమంతా కొట్టుకుపోయాక బూడిద రంగు బంక మిగిలింది. చిన్నప్పుడు పచ్చి గోధుమలు నమిలి నమిలి బంక చేసుకున్న వారికి అదేమిటో చెప్పక్కరలేదు. అయితే ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. బంక వస్తే గోధుమ ఉన్నట్టే, కాని బంక రాకపోతే లేనట్టు కాదు. మన దేశపు నిబంధనల ప్రకారం గ్లూటెన్ రహితం అని రాయాలంటే కిలో సరుకులో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకు మించకూడదు. గోధుమపిండి లెక్కలో చూస్తే అది సుమారు పావు గ్రాము, అంటే కిలో జొన్నపిండిలో ఒక చిటికెడు కూడా కాదు. అంత తక్కువ కల్తీని ఏ అత్తమ్మ వేళ్లూ పట్టలేవు, ప్రయోగశాలలో ఎలైసా పరీక్ష చేయాల్సిందే. మేము గుర్తింపు ఉన్న ఒక ప్రయోగశాలకు పంపితే, ఆ పరీక్ష కొలవగలిగిన గరిష్ఠ పరిమితిని కూడా మా నమూనా దాటిపోయిందని నివేదిక వచ్చింది. ఇది మరలో పొరపాటున అంటుకున్న పిండి కాదు, రొట్టె మెత్తగా రావాలని కావాలని కలిపినదేనని నా నమ్మకం.

ఇక ప్యాకెట్టు సంగతి. ముందువైపు అంగుళం అక్షరాలతో 'గ్లూటెన్ రహితం' అని ఉంది. వెనుకవైపు, అతుకు మడత కిందికి వచ్చేలా, 'జొన్నపిండి, మల్టీగ్రెయిన్ మిశ్రమం' అని ఉంది. ఆ మిశ్రమంలో ఏ గింజలున్నాయో ఎక్కడా లేదు. గ్లూటెన్ ఉన్న ధాన్యం వాడితే ఆ సంగతి లేబుల్ మీద విడిగా ప్రకటించాలన్న నిబంధన ఉన్నా, అలాంటి వాక్యమే లేదు. కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే సంఖ్యకు 14 అంకెలు ఉండాలి, లైసెన్సు అయితే 1తోను, చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్ అయితే 2తోను మొదలవుతుంది. మా ప్యాకెట్టు మీద 14 అంకెలూ ఉన్నాయి గాని, ఆ సంఖ్యను ఆ సంస్థ లైసెన్సుల వెబ్‌సైటు ఫోస్కోస్‌లో వెతికితే వేరే పేరు వచ్చింది, అదీ చిల్లర అమ్మకానికి ఇచ్చినది, పిండి తయారీకి కాదు. రెండు నిమిషాల పని ఇది. కొనకముందు చేసి ఉంటే పాపకు ఈ అవస్థ తప్పేది.

విక్రేతకు ఫోను చేస్తే, మాట్లాడిన అబ్బాయి ఎంతో మర్యాదగా "మేడమ్, జొన్నలో సహజంగానే కొంచెం గ్లూటెన్ ఉంటుందండి" అన్నాడు. ఇది పచ్చి అబద్ధం. నివేదిక పంపాక ధోరణి మారింది. డబ్బు వాపసు ఇస్తాము, రాసిన సమీక్ష తీసేయండి అన్నారు. తీయలేదు, డబ్బూ రాలేదు.

అదే విక్రేత దగ్గర మా మామయ్యగారి కోసం తాటిబెల్లం పొడి కూడా తెప్పించాను. అరకిలో 420 రూపాయలు. 'షుగర్ ఉన్నవారికి సురక్షితం' అని దాని మీద రాసి ఉంది. ఆయనకు పదిహేనేళ్లుగా మధుమేహం. మానుకున్న కాఫీ మళ్లీ దొరికిందని ఆయన పూటకు రెండు చెంచాలు వేసుకుని తాగడం మొదలుపెట్టారు. భోజనమైన రెండు గంటలకు 160 దగ్గర ఉండే చక్కెర పది రోజుల్లో 240 దాటింది. నిజమైన తాటిబెల్లం ముదురు రంగులో, కాస్త పొగ వాసనతో, గాలి తగిలితే చెమ్మగిల్లి ముద్దలు కట్టేలా ఉంటుంది. ఇది వారం రోజులు మూత తీసి పెట్టినా పొడిపొడిగా, లేత గోధుమరంగు పంచదారలా ఉండిపోయింది కాబట్టి ఇందులోనూ కల్తీ ఉందనే అనుకుంటున్నాను. కాని మధుమేహం విషయంలో అసలు మోసం కల్తీ కాదు, ఆ మాట. సున్నం పూసిన కుండలో పట్టిన తాటి నీరాను మన ఎదుటే కాచి ఇచ్చినా, ఆ బెల్లంలో ఉండేది ప్రధానంగా చెరకు చక్కెరలో ఉండే సుక్రోజే. కొద్దిపాటి ఖనిజాలు, మంచి రుచి అదనంగా ఉంటాయి, అంతే. తాటిబెల్లమైనా, అనకాపల్లి బెల్లమైనా, కొబ్బరి చక్కెరయినా, తేనె అయినా మధుమేహ రోగికి లెక్కలోకి రావాల్సిన తీపే. ఆ డబ్బా మీద పోషకాల పట్టికలో 100 గ్రాములకు పిండిపదార్థాలు 96 గ్రాములు అని, దాని కిందే 'చేర్చిన చక్కెర 0' అని ఉంది. చక్కెరకు చక్కెర ఎవరు చేరుస్తారు?

ఆ తర్వాత మందుల దుకాణంలో స్టీవియా పొడి కొనబోయి అక్కడ కూడా ఆగాల్సి వచ్చింది. స్టీవియా ఆకు నుంచి తీసే తీపి పదార్థం చక్కెర కన్నా 200 నుంచి 300 రెట్లు తియ్యగా ఉంటుంది. చెంచాతో కొలుచుకునేంత పొడి కావాలంటే దానికి ఏదో ఒకటి కలపక తప్పదు. నేను చేతిలోకి తీసుకున్న డబ్బాలో మొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్. పదార్థాల పట్టికలో ఎక్కువ బరువున్నది ముందు రాయాలి కాబట్టి, ఆ డబ్బాలో ఎక్కువ ఉన్నది అదే. పిండిపదార్థం నుంచి తయారయ్యే ఈ పొడి రక్తంలో చక్కెరను దాదాపు గ్లూకోజ్ అంత వేగంగానూ పెంచుతుంది. టీ కప్పుకు వేసే ఒక్క చిటికెడుతో పెద్ద తేడా రాకపోవచ్చు గాని, పాయసానికి కప్పుల కొద్దీ పోసేవారు చూసుకోవాలి. ఇదే పట్టికను రాగి బిస్కట్ల మీద, మిల్లెట్ నూడుల్స్ మీద చదివితే మైదాయో గోధుమపిండో ముందు వరుసలో కనిపించే సందర్భాలు చాలా ఉన్నాయి. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అంగళ్లలో ఆ పేరు పెట్టిన సరుకు బాగా పెరిగింది, పేరు చూసి తీసుకునే మాలాంటి వాళ్లమూ పెరిగాము.

ప్రస్తుతం మేము పిండి కొనడం మానేసి గింజలే తెస్తున్నాము. విడిగా అమ్మే చోట ఒకే డబ్బాతో గోధుమలూ జొన్నలూ తోడుతారు కాబట్టి మూసిన సంచే తీసుకుంటున్నాము. చేటలో పోసి ఏరితే రెండు కిలోల జొన్నల్లో ఏడు గోధుమ గింజలు దొరికిన రోజు కూడా ఉంది. ఏరి, కడిగి, ఎండబెట్టి ఇంట్లోనే పట్టుకుంటున్నాము. వీధి చివరి పిండిమర మీద మొదట్లో నాకు నమ్మకం ఉండేది. ముందు రెండు కిలోల బియ్యం పోసి తిప్పించి, ఆ తర్వాత మన గింజలు పోయిస్తే సరిపోతుందనుకునేదాన్ని. మర పక్కలు తట్టి చూపించమని అడిగితే, రాళ్ల సందుల్లోంచి రాలిన పిండిని చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. సీలియాక్ లేని ఇళ్లకు ఇంత అవసరం లేదు, వారికి మరపట్టించిన పిండి ధారాళంగా సరిపోతుంది. సజ్జపిండి మాత్రం ఎవరైనా వారానికి సరిపడా పట్టించుకోవడమే మేలు, నిలవుంటే చేదెక్కుతుంది. పాలిష్ పట్టని సజ్జలు, కొర్రలు ఏడాదైనా పురుగు పట్టవని ఎవరైనా హామీ ఇస్తే, ఆ దుకాణంలో కొనకండి. నా రొట్టె అంచులు మళ్లీ పగులుతున్నాయి, పాప వాటిని ఏరుకుని తింటోంది.

ఫిర్యాదు ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్‌లోను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ద్వారాను ఇచ్చాను. తప్పుడు లేబుల్ వేసిన సరుకు అమ్మితే 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 52వ సెక్షన్ కింద మూడు లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అదే చట్టం 40వ సెక్షన్ కింద కొనుగోలుదారే రుసుము కట్టి ప్రభుత్వ ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు గాని, ఆ ఉద్దేశాన్ని కొనేటప్పుడే అమ్మేవారికి తెలియజేయాలన్న షరతు ఉంది. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఇలాంటి ప్యాకెట్టు మీ దగ్గర ఉండి అనుమానం కలిగితే, దాన్ని పారేయకండి. బిల్లు, బ్యాచ్ సంఖ్య, తయారీ తేదీ కనిపించేలా నాలుగు వైపులా ఫోటోలు తీసి, వీలైతే అదే బ్యాచ్‌లో విప్పని ప్యాకెట్టు ఒకటి పక్కన పెట్టండి. నేను మొదటి మూడు ప్యాకెట్లు వాడేసి సంచులు పారేశాను, నాలుగోది ఒక్కటే మిగిలింది. విక్రేత ఇప్పుడు పట్టుకున్న వాదన కూడా అదే: మొదటి మూడింటిలో ఏముందో మీరెలా చెప్పగలరని.